పిడికెడు బియ్యం లెక్క: మా సంఘంలో ఒక విమర్శ నడిచిన దారి

2019 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా క్రైస్తవ సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. కార్యదర్శి సంవత్సరం లెక్కలు చదివాడు. "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని నేను అడిగాను. ఏటా అలవాటుగా అడిగే మాట అది. ఏటా ఎవరూ లేవరు. ఆ రోజు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక అమ్మాయి లేచింది.

"పిడికెడు బియ్యంలో నూరు కేజీలు మాయమయ్యాయి. ఎక్కడికెళ్ళాయో మాస్టారు చెప్పాలి" అంది.

ఆ బియ్యం బాధ్యత చూసే మాస్టారు ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి తాళాల గుత్తి తీసి ప్రభువు బల్ల మీద పెట్టారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన భార్య ఒక నిమిషం కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన వెనకే వెళ్ళింది. నేను ముగింపు ప్రార్థన చేశాను. ఏం ప్రార్థించానో ఇప్పుడు గుర్తు లేదు.

ఆ తర్వాత నాలుగు నెలల్లో జరిగింది ఇక్కడ రాస్తున్నాను. ఇద్దరినీ అడిగి, ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. గుర్తు పట్టే వివరాలు కొన్ని మార్చాను. సంఘ కాపరిగా ఇరవై ఏళ్ళ పైన పనిచేసినా, విమర్శ చేయడం గురించి, దాన్ని తీసుకోవడం గురించి నేను ఎక్కువ నేర్చుకున్నది ఈ ఒక్క కేసులోనే. నేర్చుకున్న దానిలో సగం నా తప్పుల నుంచే.

ఊరూ, సంఘమూ

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి ప్రాంతం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు మా వైపు ఒరిస్సాలోకి వెళ్ళింది, ఏరు దాటితే ఉన్న పాతపట్నం ఆంధ్ర వైపు ఉండిపోయింది. మా వియ్యాలూ కయ్యాలూ మాత్రం ఇప్పటికీ రెండు వైపులా ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండ మీద సవర. మా సంఘంలో నలభై తెలుగు కుటుంబాలు. ముసలివాళ్ళు తెలుగు బైబిలు గడగడా చదువుతారు. పిల్లల్లో కొందరు తెలుగు పాటను ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడతారు.

ఈ ప్రాంతానికి సువార్త తెచ్చింది కెనడా బాప్టిస్టు మిషనరీలు. 1874లో కాకినాడలో మొదలైన వాళ్ళ పని ఉత్తర కోస్తా అంతా పాకి, ఇటు సవర కొండల దాకా వచ్చింది. వాళ్ళు వదిలి వెళ్ళిన అలవాట్లలో ఒకటి, సంఘం విషయాలు సభ్యులందరి ముందు పెట్టి తేల్చుకోవడం. లెక్క అందరి ముందు చదవాలి, ఎవరైనా అడగవచ్చు. నియమం ఉంది. అడిగినవాళ్ళను ఎలా చూడాలో మాత్రం మేం ఎప్పుడూ నేర్చుకోలేదు.

పిడికెడు బియ్యం సంగతి తెలుగు క్రైస్తవులకు చెప్పక్కర్లేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తుంది. ఆదివారం గుడికి తెస్తుంది. డబ్బు చేతిలో లేని ఆడవాళ్ళు కూడా దేవునికి ఇవ్వగలిగిన కానుక అది. మా దగ్గర నెలకు సుమారు డెబ్బై అయిదు కేజీలు వస్తుంది. దాన్ని సంఘస్థులకే (అప్పటి ధర కేజీ 25 రూపాయలు) అమ్మి, డబ్బు స్త్రీల సమాజం ఖాతాలో వేస్తాం.

అప్పటికి ఆ బియ్యం బాధ్యత పదకొండేళ్ళుగా మాస్టారిది. రిటైరైన బడిపంతులు, సంఘ పెద్ద. ఊళ్ళో తెలుగు చదవగలిగిన నడివయసు వాళ్ళలో చాలామంది ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. లేచి అడిగిన అమ్మాయి కూడా. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్ళు, బట్టల కొట్టులో లెక్కలు రాస్తుంది. సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పుతుంది.

ఆ అమ్మాయి దగ్గర బియ్యం లెక్క ఎందుకుంది అన్నది ముఖ్యం. మాస్టారికి చూపు తగ్గింది. కాటా మీద అంకెలు కనపడక, చదివి చెప్పమని ఆయనే ఆమెను పిలిచేవారు. ఆమె చదివి చెబుతూ, వృత్తి అలవాటు కొద్దీ తన చిన్న నోటుబుక్కులో రాసుకునేది. మాస్టారు ఇంటికెళ్ళి, గుర్తున్నది పుస్తకంలో ఎక్కించేవారు. ఆమె నోటుబుక్కు ఒడియాలో, ఆయన పుస్తకం తెలుగులో. పది నెలలు రెండు లెక్కలూ ఒకే గదిలో పుట్టి, ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు. 2018 ఏప్రిల్ నుంచి 2019 జనవరి దాకా ఆమె లెక్కలో 752 కేజీలు. ఆయన పుస్తకంలో 654. తేడా 98 కేజీలు, అంటే 2,450 రూపాయలు.

నేను చేసిన తప్పు

సమావేశం తర్వాతి ఆదివారం నేను మత్తయి 7వ అధ్యాయం మీద ప్రసంగించాను. "మీరు తీర్పు తీర్చకుడి." కంటిలో నలుసు, కంటిలో దూలము. పెద్దల ముందు నోరు జారే యౌవనుల గురించి రెండు మూడు మాటలు కలిపాను. ఎవరి పేరూ ఎత్తలేదు. గుడిలో ఉన్నవాళ్ళందరికీ ఎవరి గురించో తెలుసు. కొందరు వెనక్కి తిరిగి ఆమె వైపు చూశారు కూడా.

ఆరాధన అయ్యాక ఆమె వచ్చి నిలబడింది. "అయ్యగారూ, ఈ రోజు వాక్యం నాకే కదా?"

"వాక్యం అందరికీనమ్మా" అన్నాను.

"నాకే అని నాకు తెలుసు, మీకూ తెలుసు. నాతో చెప్పాల్సింది నా ఇంటికొచ్చి చెప్పొచ్చు కదా అయ్యగారూ. నేను మీ దగ్గరికి వచ్చాను కదా."

అప్పుడు గుర్తొచ్చింది. డిసెంబరులో, క్రిస్మస్ పాటల ప్రాక్టీసు అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. బియ్యం లెక్కలో తేడా కనిపిస్తోంది అయ్యగారూ, ఒకసారి చూడండి అంది. నేను అలంకరణ పనుల్లో ఉండి, "ప్రార్థనలో పెట్టుకుందాంలే అమ్మా" అన్నాను. ప్రార్థనలోనూ పెట్టలేదు.

మన కాపరుల్లో ఈ అలవాటు చాలామందికి ఉంది. ఎదుట కూర్చుని చెప్పే ధైర్యం లేని మాటను ప్రసంగంలో కలిపి విసురుతాం. వినేవాడు లేచి జవాబు చెప్పడానికి లేదు. ఎదురు మాట్లాడితే దేవుని వాక్యానికి ఎదురు మాట్లాడినట్టు అవుతుంది. నాతాను ప్రవక్త, తప్పు చేసిన దావీదు రాజుకు ఆ తప్పు తెలిసేలా గొర్రెపిల్ల కథ చెప్పిన సంగతి మనం ఎన్నోసార్లు బోధిస్తాం. ఆ కథను అతను రాజు ముఖం ఎదుట, రాజుతోనే చెప్పాడు. ప్రజల్ని సమకూర్చి చెప్పలేదు. చివరికి "ఆ మనుష్యుడవు నీవే" అన్నది కూడా రాజుతోనే.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె తల్లి టీ ఇచ్చింది కానీ నా వైపు చూడలేదు. "పెళ్ళి కావాల్సిన పిల్ల అయ్యగారూ. సంఘంలో నోరున్న పిల్ల అని పేరొస్తే ఎవరు చేసుకుంటారు? మీరూ ఒక రాయి వేశారు" అంది. నేను క్షమాపణ అడిగాను. గుడిలో కూడా అడుగుతానన్నాను. "ముందు మాస్టారి సంగతి చూడండి, నాది తర్వాత" అంది అమ్మాయి.

ఇంకొకటి ఆ రోజే తెలిసింది. నా దగ్గరికి రాకముందే, నవంబరులో, బియ్యం డ్రమ్ము దగ్గర ఎవరూ లేనప్పుడు ఆమె మాస్టారినే అడిగింది. "మాస్టారూ, నా లెక్కకీ మీ లెక్కకీ తేడా వస్తోంది" అని. ఆయన నవ్వి, "నీకెందుకమ్మా లెక్కలు, పాటలు చూసుకో" అన్నారట.

నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. మత్తయి 18లో ప్రభువు చెప్పిన క్రమం మనందరికీ కంఠతా వచ్చు. మొదట ఒంటరిగా వెళ్ళి అతనితో మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. ఆమె ఒంటరిగా అడిగింది. ఆ తర్వాత ఒక సాక్షిని వెంట తీసుకెళ్దామని నా దగ్గరికి వచ్చింది. చివరికి సంఘంలో చెప్పింది. క్రమం తప్పింది ఆమె అని నేను ప్రసంగం చేశాను. నిజానికి రెండో మెట్టు మీద ఆమెను ఒంటరిగా నిలబెట్టి వెళ్ళిపోయింది నేను.

మాస్టారి గాయం

మాస్టారింటికి నేను నాలుగుసార్లు వెళ్ళాను. మొదటి మూడుసార్లు బియ్యం మాట ఎత్తలేదు. ఆయన గుడికి రావడం మానేశారు. రెండు నెలలు బల్లారాధనలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, పాలుపొందలేదు. ఆయన భార్య, "అన్నం సరిగ్గా తినడం లేదు, రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నారు" అని గుమ్మం దాకా వచ్చి చెప్పేది. మొదటిసారి క్రికెట్ మాట్లాడుకున్నాం. రెండోసారి ఆయన మోకాలి నొప్పి గురించి. నాకు తొందరగానే ఉండేది, సంఘం రెండుగా చీలుతోంది. అయినా గాయం మీద గుడ్డ ఎండి అతుక్కుని ఉన్నప్పుడు లాగితే రక్తం వస్తుందని ఆగాను.

నాలుగోసారి ఆయనే ఎత్తారు.

"అడిగినందుకు కాదు అయ్యగారూ. అడిగే హక్కు ఆ పిల్లకుంది. ఆ రోజు మా వియ్యంకుడూ వియ్యపురాలూ పాతపట్నం నుంచి వచ్చారు. వెనక బెంచీలో కూర్చున్నారు. కూతురిని ఇచ్చి ఏడాది కాలేదు. వాళ్ళ ముందు నన్ను దొంగ అంది."

"దొంగ అని అనలేదు కదా మాస్టారూ" అన్నాను.

"మాయమయ్యాయి అంది. మాయం చేసేవాడిని ఏమంటారు?"

అక్కడ నాకు అసలు ముడి దొరికింది. నాలుగు వారాలుగా సంఘమంతా నూరు కేజీల గురించి వాదించుకుంటోంది. ఆయన మనసులో గుచ్చుకున్నది కేజీలు కావు, ఒక క్రియాపదం. దాన్ని విన్న ఇద్దరు మనుషులు. ఆ అమ్మాయి నోటుబుక్కులో నేను తర్వాత చూశాను, అక్కడ రాసుకున్న మాట "తేడా". కాగితం మీద ఆమె తేడా అనే రాసుకుంది. లేచి నిలబడి గొంతు వణికేటప్పుడు మాయం అని వచ్చింది. రెండు నెలలు ఎవరూ వినకపోతే మాట అలాగే వస్తుంది. ఆ తప్పును ఆమె మీద పూర్తిగా వేయలేను, పూర్తిగా తీసేయనూ లేను.

బియ్యం ఏమయ్యాయని అడిగాను. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూశారు.

2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఇళ్ళ పైకప్పులు లేచిపోయాయి, కొబ్బరీ జీడీ నేలకూలాయి. ఆ తర్వాతి వారాల్లో ఆయన మన సంఘంలోనే రెండు ఇళ్ళకు, ఇంటికి ముప్ఫై కేజీల చొప్పున, రాత్రిపూట బియ్యం మోసుకెళ్ళి ఇచ్చారు. ఎవరికీ చెప్పొద్దని వాళ్ళు అడిగారు. పరువుగా బతికినవాళ్ళు. అందుకే పుస్తకంలో రాయలేదు. సమావేశంలో జవాబు చెబితే ఆ ఇళ్ళు బయటపడతాయి.

"అరవై సరే మాస్టారూ, మిగతా ముప్ఫై ఎనిమిది?"

"తుఫాను రాత్రి గదిలోకి నీళ్ళొచ్చాయి. అడుగున బియ్యం తడిసి పురుగు పట్టింది, పారబోశాను. ఎన్ని కేజీలో తూచలేదు. ముప్ఫై ఎనిమిదీ అవే అని దేవుని ముందు చెప్పలేను. ఇంటికెళ్ళి రాసేటప్పుడు మర్చిపోయి తక్కువ రాసిన రోజులూ ఉండొచ్చు."

నేను ఆయన్ని నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ఆయనతో ఒక మాట చెప్పాను. దానం రహస్యంగా ఇవ్వమని ప్రభువు చెప్పింది మన సొంత డబ్బు గురించి. పదిమంది ఆడవాళ్ళు ఎసట్లోంచి తీసి ఇచ్చిన బియ్యం మన చేతిలో ఉన్నప్పుడు అపొస్తలుడైన పౌలు దారి వేరు. యెరూషలేము బీదల కోసం సంఘాలు ఇచ్చిన చందాను ఆయన ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని తోడు పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని రెండో కొరింథీయుల పత్రిక 8వ అధ్యాయంలో రాశాడు. అపొస్తలుడికే సాక్షులు కావాల్సి వచ్చారు. మాస్టారు తల దించుకుని విన్నారు. "అది నిజమే" అన్నారు.

గద్దించు అనే మాట

ఇద్దరినీ కూర్చోబెట్టే ముందు నేను మత్తయి 18:15ను మళ్ళీ చదివాను. మన తెలుగు బైబిల్లో "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు అతనిని గద్దించుము" అని ఉంది. గద్దించడం అంటే మనకు తెలిసింది గట్టిగా కేకలేయడం. నాన్న కొడుకుని గద్దిస్తాడు, పంతులు పిల్లవాణ్ణి గద్దిస్తాడు. పైనున్నవాడు కిందివాడి మీద గొంతు పెంచడం. ఆ ఒక్క మాట వల్ల మన సంఘాల్లో రెండు నష్టాలు జరిగాయని నా నమ్మకం. పెద్దవాళ్ళు గొంతు పెంచితేనే వాక్యప్రకారం చేసినట్టు అనుకున్నారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు ఏమీ చెప్పకూడదని అనుకున్నారు.

మూలభాష గ్రీకులో అక్కడున్న మాటకు అర్థం తప్పును వెలుగులో పెట్టి చూపించడం. అదే క్రియ యోహాను 16:8లో పరిశుద్ధాత్మ చేసే పని గురించి వస్తుంది. అక్కడ మన అనువాదకులు "ఒప్పుకొనజేయును" అని రాశారు. ఆత్మ మనల్ని ఒప్పించేటప్పుడు కేకలేయడు. మొదటి తిమోతి 5:1లో "వృద్ధుని గద్దింపక తండ్రిగా భావించి అతని హెచ్చరించుము" అని ఉంది. ఇక్కడి గద్దింపు వేరే గ్రీకు మాట, మాటలతో కొట్టడం లాంటిది. తెలుగులో రెండూ ఒకే మాటయ్యాయి. ఇక "హెచ్చరించుము" అన్న చోట ఉన్న క్రియ, యోహాను సువార్తలో మనం పరిశుద్ధాత్మను "ఆదరణకర్త" అని పిలిచే మాటకు అక్కచెల్లెలు. పక్కకు పిలిచి, తోడు నిలబడి చెప్పడం.

అంటే పౌలు తిమోతికి, పెద్దాయనకు ఏమీ చెప్పవద్దని చెప్పలేదు. తండ్రికి చెప్పినట్టు చెప్పు అన్నాడు. ఇద్దరికీ ఈ సంగతి విడివిడిగా చదివి వినిపించాను. అమ్మాయి నెమ్మదిగా, వేలు పెట్టి తెలుగు చదువుతూ, "అయితే నేను అడగొచ్చు" అంది. మాస్టారు ఇంకోలా విన్నారు. "అయితే నేను నవంబరులోనే వినాల్సింది" అన్నారు.

మాస్టారి వరండాలో

ఏప్రిల్ చివర ఒక సాయంత్రం మాస్టారి వరండాలో కలిశాం. మాస్టారు, ఆయన భార్య, అమ్మాయి, ఆమె తల్లి, నేను, నా భార్య. స్థలం మాస్టారి ఇల్లే ఉండాలని అమ్మాయే కోరింది. "ఆయన్ని మన దగ్గరికి రప్పించుకోకూడదు" అంది.

ఒక్క నియమమే పెట్టాను. జవాబు చెప్పే ముందు, అవతలివాళ్ళు ఏం చెప్పారో వాళ్ళు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. మామూలుగా చూస్తే చిన్న విషయం. చేసి చూస్తే చాలా కష్టం. మాస్టారు మొదటిసారి చెప్పింది, "నేను బియ్యం తిన్నానని నువ్వు అంటున్నావు." అమ్మాయి తల అడ్డంగా ఊపింది. రెండోసారి, "నేను లెక్క చూడలేదని అంటున్నావు." మళ్ళీ కాదంది. మూడోసారి ఆయన కాసేపు ఆగి, "నువ్వు అడిగితే నేను నవ్వి పంపేశాను. నువ్వు చిన్నపిల్లవని, ఆడపిల్లవని లెక్క చేయలేదు" అన్నారు. అమ్మాయి ఏడ్చింది. ఆమె తల్లి ఏడవలేదు, ఇంకా బిగుసుకునే కూర్చుంది.

అమ్మాయికి మొదటిసారే అందింది. "నేను మాయం అన్న మాట మీ వియ్యాలవారి ముందు అన్నాను. అది మీకు దొంగ అన్నట్టు వినపడింది."

"అవునమ్మా" అన్నారు మాస్టారు.

తర్వాత నోటుబుక్కూ పుస్తకమూ పక్కపక్కన పెట్టారు. ఆయనకు కళ్ళజోడు పెట్టుకున్నా కనపడక, ఆమె చదువుతుంటే ఆయన రాశారు. బడిలో ఆయన చదివితే ఆమె రాసేదని ఎవరో అన్నారు, బహుశా నా భార్య. అరవై కేజీల సంగతి వచ్చినప్పుడు ఆయన పేర్లు చెప్పలేనన్నారు. "పేర్లు వద్దు మాస్టారూ. 'తుఫాను సాయం, రెండు ఇళ్ళు' అని రాసి, కింద మీదీ ఇంకొక సంఘపెద్దదీ సంతకం ఉంటే చాలు. మా కొట్టులో కూడా అలాంటివి రాస్తాం" అంది. పదకొండేళ్ళలో ఆయనకు ఆ దారి తట్టలేదు. నాకూ తట్టలేదు. ముప్ఫై ఎనిమిది కేజీల దగ్గర "లెక్క లేదు" అని ఆయనే రాశారు.

మరుసటి వారం ఆయన నలభై కేజీల బస్తా రిక్షాలో వేసుకుని గుడికి తెచ్చారు. వద్దన్నాను, ఎవరూ అడగలేదన్నాను. వినలేదు. ఇది మంచిదా కాదా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కొందరు దాన్ని చూసి, "తిన్నాడు కాబట్టే కట్టాడు" అన్నారు.

అందరి ముందు జరిగింది అందరి ముందే

అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి భోంచేయడం మానేసినప్పుడు పౌలు అతన్ని అందరి ఎదుటా నిలదీశాడని గలతీయులకు 2వ అధ్యాయంలో ఉంది. పేతురు చేసింది అందరి మధ్యా జరిగింది, బర్నబా కూడా దానితో కొట్టుకుపోయాడు. అందుకే మాట కూడా అక్కడే అవసరమైంది. ఆ లెక్కన మాయం అన్న మాటా, నా ప్రసంగమూ గుడిలో జరిగాయి కాబట్టి గుడిలోనే సరిచేయాలి. వరండాలో క్షమించుకుని ఊరుకుంటే, విన్న నలభై కుటుంబాల చెవుల్లో ఆ మాటలు అలాగే ఉండిపోతాయి.

మే నెలలో ఒక ఆదివారం ముగ్గురం నిలబడ్డాం. నేను ముందు మాట్లాడాను. డిసెంబరులో ఆమె వచ్చిందనీ, నేను వినలేదనీ, పైగా ఆమెను ప్రసంగ వేదిక మీద నుంచి మాటలతో కొట్టాననీ చెప్పాను. మాస్టారు లెక్క చదివారు. అమ్మాయి రెండు మాటలు చెప్పింది. "మాయం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రశ్న వెనక్కి తీసుకోవడం లేదు."

ఆ రెండో వాక్యం కొంతమందికి నచ్చలేదు. పశ్చాత్తాపం పూర్తిగా లేదని ఒక పెద్ద తర్వాత నాతో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. క్షమాపణ పేరుతో నిజాన్ని కూడా మింగించే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఆడపిల్లల చేత మరీ ఎక్కువగా మింగిస్తాం. ప్రేమ కలిగి సత్యం చెప్పమన్నాడు పౌలు. సత్యం తీసేసి ప్రేమ ఒక్కటీ ఉంచుకోమని అనలేదు.

వియ్యంకుల సంగతి మిగిలింది. పాతపట్నం వచ్చి చెబుతానని అమ్మాయి అంది. మాస్టారు వద్దన్నారు. ఆయనే వెళ్ళి, పుస్తకంలో రాయనిది తనేనని చెప్పుకున్నారు. వియ్యంకుడు, "ఆ రోజే అనుకున్నాం బావగారూ, ఇందులో ఏదో ఉంటుందని" అన్నాడట. ఆ మాటతో ఆయన సగం తేరుకున్నారు. నాలుగు నెలలు ఆయన్ని నిద్రపోనివ్వని భయం, అవతలివాళ్ళ మనసులో అంత పెద్దది కాదు.

బియ్యం ఎవరు చూడాలి

తాళాలు మళ్ళీ తీసుకోమంటే మాస్టారు ఒక షరతు పెట్టారు. ఆ అమ్మాయి కూడా ఉండాలి. కమిటీలో అభ్యంతరం వచ్చింది. "గొడవ చేసినవాళ్ళకే పదవి ఇస్తే రేపు ప్రతివాడూ లేస్తాడు" అన్నారు.

మాస్టారే అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీశారు. అక్కడ, తొలి సంఘంలో కూడా తగవు తిండి పంపకం మీదే. తమ విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవాళ్ళు హెబ్రీయుల మీద సణిగారు. భాష వేరైనవాళ్ళ బాధ ఎలా ఉంటుందో, ఒడిశాలో తెలుగు మాట్లాడే మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. అపొస్తలులు సణగవద్దని గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. నొప్పి ఎవరికి తెలుసో వాళ్ళ వైపువాళ్ళ చేతికే సంఘం పళ్ళెం అప్పగించింది. నేను ఆ అధ్యాయం మీద చాలాసార్లు ప్రసంగించాను. పేర్ల సంగతి మాత్రం ఎప్పుడూ ఇలా చూడలేదు. మాస్టారు చూశారు.

ఇప్పుడు కాటా దగ్గర ఇద్దరు ఉంటారు. ఒకరు పైకి చదువుతారు, ఒకరు అక్కడే రాస్తారు. ఆ ఆదివారం బరువు సుద్దముక్కతో గుమ్మం పక్క పలక మీద పడుతుంది. సాయం అని ఒక వరుస ఉంది, అందులో పేర్లు ఉండవు, రెండు సంతకాలు ఉంటాయి. మూడు నెలలకోసారి లెక్క చదువుతారు. ఇంకొకటి నా కోసం నేను పెట్టుకున్నాను. ఎవరైనా నా దగ్గరికి ఫిర్యాదు తెస్తే పది రోజుల్లో వాళ్ళింటికి వెళ్ళి జవాబు చెప్పాలి. ప్రార్థిద్దాం అన్న మాట ఆ జవాబు తర్వాతే.

మిగిలిపోయినవి

అమ్మాయి తల్లీ మాస్టారి భార్యా దాదాపు ఏడాది మాట్లాడుకోలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి, పేరు లేని వరుసలో బియ్యం వెళ్ళాల్సిన ఇళ్ళు ఎక్కువైనప్పుడు, సంచులు కట్టడానికి ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు మాటలు కలిశాయి. నా ప్రమేయం ఏమీ లేదు.

ఒక కుటుంబం సంఘం వదిలి వెళ్ళిపోయింది. మాస్టారి పక్షాన గట్టిగా నిలబడ్డవాళ్ళు. ఆయనే లెక్క తప్పని ఒప్పుకునేసరికి, తాము ఇన్నాళ్ళూ ఊళ్ళో చేసిన వాదనకు ముఖం చెల్లక గుడికి రావడం మానేశారని నా అంచనా. వాళ్ళింటికి ప్రతి క్రిస్మస్‌కూ వెళ్తున్నాను. కేకు పెడతారు, పిల్లల చదువులు మాట్లాడతాం. కిందటిసారి ఆ ఇంటాయన గేటు దాకా వచ్చి, "అయ్యగారూ, ఆ పిల్ల మొదట మీ దగ్గరికి వచ్చిన రోజే మీరు కదిలి ఉంటే, ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు. అవును, నిజమే అన్నాను. ఈసారి వెళ్ళినప్పుడు, తిరిగి రమ్మని అడుగుతాను.